పిల్లలకు ఒంట్లో బాగోలేనప్పుడు: ఇంట్లో చూసుకోవచ్చా, ఆస్పత్రికి పరుగెత్తాలా?

మా అమ్మాయికి పదకొండు నెలలప్పుడు ఒక రాత్రి జ్వరం వచ్చింది. థర్మామీటర్ 100 దగ్గర ఆగింది. ఈ మాత్రానికి కంగారెందుకని మందు వేసి పడుకోబెట్టాం. గంటకోసారి లేచి థర్మామీటర్ పెట్టడం, 100 దాటలేదని మళ్లీ పడుకోవడం, ఇదే పని నాకు. రెండు గంటలప్పుడు మా అమ్మ లేచి వచ్చింది. థర్మామీటర్ జోలికే పోలేదు. లైటు వేసి, పిల్ల చొక్కా మెడ దాకా ఎత్తి, "జ్వరం సంగతి తర్వాత, ముందు డొక్కలెలా ఎగరేస్తోందో చూడు" అంది. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కపెడితే నిమిషానికి 64 సార్లు ఊపిరి తీసుకుంటోంది. ఆస్పత్రిలో న్యుమోనియా అన్నారు. మూడు రోజులు ఆక్సిజన్ పెట్టారు.

అంకెను చూస్తూ పిల్లను చూడకపోవడమే ఆ రాత్రి నేను చేసిన పొరపాటు. నేను డాక్టర్ని కాదు. ఆ తర్వాత పిల్లల డాక్టర్ల దగ్గర అడిగి, చదివి నేర్చుకున్నదాన్ని, ఇంట్లో ఎవరైనా చూడగలిగే వరుసలో ఇక్కడ పెడుతున్నాను.

ముందు ఇది చదవండి: ఆలోచన లేకుండా బయల్దేరాల్సినవి

బిడ్డ ఇప్పుడు మీ పక్కనే ఉండి, కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా మిగతాది చదవక్కర్లేదు. ఆంబులెన్స్‌కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి.

- ఊపిరి ఆగడం, ఆగి ఆగి రావడం, ఊపిరి కోసం కొట్టుకోవడం
- పెదాలు, నాలుక నీలంగా లేదా బూడిద రంగులోకి మారడం
- ఎంత లేపినా లేవకపోవడం, లేచినా మిమ్మల్ని గుర్తుపట్టకపోవడం
- ఫిట్స్ ఐదు నిమిషాలు దాటడం, లేదా తగ్గినట్టే తగ్గి మళ్లీ రావడం
- ఏదో మింగి గొంతుకు అడ్డం పడి దగ్గలేకపోవడం, ఏడవలేకపోవడం
- పెదాలు, ముఖం వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, దాంతోపాటు ఆయాసం లేదా వాంతులు రావడం

బిడ్డ పలక్కుండా, ఊపిరి కూడా లేకుండా ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి, అవతలివాళ్లు చెబుతున్నట్టు సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, నోటితో ఊపిరి ఊదడం) మొదలుపెట్టండి. ఎత్తుకుని రోడ్డు మీదికి పరుగెత్తితే ఆ విలువైన నిమిషాలు పోతాయి.

మొదటి అడుగు: ముట్టుకోకుండా ఒక్క చూపు

ఎమర్జెన్సీలో పిల్లల్ని చూసేవాళ్లు స్టెతస్కోప్ పెట్టకముందే గుమ్మం దగ్గర నుంచి మూడు విషయాలు గమనిస్తారు: బిడ్డ తీరు, ఊపిరి తీసే శ్రమ, ఒంటి రంగు. మనమూ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

తీరు అంటే, మీరు గదిలోకి వస్తే మీ వైపు చూస్తున్నాడా? ఇష్టమైన బొమ్మ ఊపితే కళ్లు దాని వెంట వెళ్తున్నాయా? ఎత్తుకుంటే మిమ్మల్ని గట్టిగా పట్టుకుంటున్నాడా, లేక తడిబట్టలా వేలాడిపోతున్నాడా? గొంతు చించుకుని ఏడ్చే బిడ్డను చూసి మనకు టెన్షన్ ఎక్కువ. నిజానికి అంత గట్టిగా ఏడవాలంటే ఊపిరితిత్తుల్లో గాలి, ఒంట్లో ఓపిక ఉండాలి. సూది గుచ్చినా ఏడవని బిడ్డ, సన్నగా మూలిగే బిడ్డ, "ఈ రోజు భలే బుద్ధిగా పడుకున్నాడే" అనిపించే బిడ్డ, వీళ్ల గురించి భయపడాలి. ఎంత ఓదార్చినా ఆగకుండా, మామూలుగా కాక కీచుమని సన్నటి గొంతుతో ఏడవడం కూడా మంచిది కాదు.

జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు ఏ పిల్లలైనా వాడిపోతారు. అందుకే జ్వరం మందు వేసిన ఓ గంట తర్వాత మళ్లీ చూడండి. కాస్త తేరుకుని, ఆడుకుని, తాగితే ఊరట. జ్వరం దిగాక కూడా అలాగే మబ్బుగా పడి ఉంటే ఇక ఆగొద్దు. జ్వరం దిగినంత మాత్రాన ప్రమాదం లేదనీ అనుకోవద్దు, ఈ పేజీలోని మిగతా లక్షణాలన్నీ ఎప్పటిలాగే చూడాలి.

రెండో అడుగు: ఊపిరి లెక్కపెట్టడం

అన్నిటికన్నా దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి.

బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు, నిద్రలో ఉంటే ఇంకా మంచిది, చొక్కా పూర్తిగా పైకెత్తండి. దుప్పటి మీద నుంచి చూస్తే ఏమీ తెలియదు. వెలుతురు పక్క నుంచి పడితే ఛాతీ మీద నీడ కదులుతూ స్పష్టంగా కనిపిస్తుంది. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి. అలా నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే పసిపిల్లల్లో లెక్క తప్పుతుంది, ఎందుకంటే వాళ్ల ఊపిరి ఒకే వేగంతో సాగదు. కాసేపు గబగబా తీసి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెట్టడం పుట్టిన కొత్తలో మామూలే. ఆ విరామం 20 సెకన్లు దాటినా, ఆ సమయంలో రంగు మారినా ఎమర్జెన్సీ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్య కార్యకర్తలకు నేర్పే హద్దులివి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా ఎక్కువ ఉంటే వేగంగా ఊపిరి తీస్తున్నట్టు. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా ఎక్కువ వస్తే కాసేపాగి రెండోసారి లెక్కపెట్టండి. మళ్లీ అంతే వస్తే బయల్దేరండి.

వేగం కన్నా శ్రమ ఇంకా ముఖ్యం. ఊపిరి లోపలికి తీసినప్పుడు పక్కటెముకల కింది భాగం పైకి రావాల్సింది పోయి లోపలికి గుంట పడుతుంటే, అదే డొక్కలెగరేయడం. పసిపిల్లలు పొట్టతో ఊపిరి తీస్తారు, కాబట్టి పొట్ట కదలడాన్ని చూసి భయపడక్కర్లేదు. గుంట ఎక్కడ పడుతోందో చూడండి: ఎముకల మధ్య, ఎముకల కింద, గొంతు దగ్గర గుంటలో. ముక్కుపుటాలు విచ్చుకోవడం, ఊపిరి వదిలిన ప్రతిసారీ చిన్న మూలుగు, ఊపిరితోపాటు తల ఊగడం, ఇవన్నీ బిడ్డ అలిసిపోతున్నాడని చెప్పే గుర్తులు.

చప్పుళ్లలో తేడా ఉంది. ముక్కు దిబ్బడ గుర్రుగుర్రు చాలా వరకు హాని చేయదు, సెలైన్ చుక్కలు వేసి ముక్కు శుభ్రం చేస్తే తగ్గిపోతుంది. ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వస్తే ఆ రోజే డాక్టర్ చూడాలి, ఆయాసం కూడా ఉంటే వెంటనే. బిడ్డ నిమ్మళంగా కూర్చున్నప్పుడు కూడా ఊపిరి లోపలికి తీస్తుంటే గొంతులో గరగరమని కూసినట్టు వస్తోందంటే, గొంతు దారి ఇరుకైందన్నమాట. ఎమర్జెన్సీ. దానికి తోడు చొంగ కారుతూ, మింగలేక, గడ్డం ముందుకు చాపి కూర్చుంటే బలవంతంగా పడుకోబెట్టకండి, నోరు తెరిచి చెంచాతో చూడకండి. ఎలా కూర్చుంటే ఊపిరి ఆడుతోందో అలాగే ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లండి. ఉబ్బసం ఉన్న పిల్లల్లో ఆయాసం అలాగే ఉండి పిల్లికూతలు మాత్రం ఆగిపోతే, తగ్గిందని సంతోషించకండి. కూత పుట్టేంత గాలి కూడా లోపల ఆడట్లేదని అర్థం.

వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఇంట్లో ఉంటే వాడండి, ఆక్సిజన్ 92 శాతం లేదా అంతకు తక్కువ చూపిస్తుంటే ఆగకండి. కానీ కదిలే పిల్లల వేలికి అది సరిగ్గా అంటుకోదు, నల్లటి చర్మం మీద అసలు ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. 97 అని చూపిస్తున్నా డొక్కలెగరేస్తుంటే డొక్కలనే నమ్మండి.

మూడో అడుగు: రంగు, చేతులు, కాళ్లు

జ్వరం ఎక్కుతున్నప్పుడు కాళ్లూ చేతులూ చల్లబడటం మామూలే. మొహం పాలిపోయి, చర్మం మీద చలువరాయి చారల్లాంటి మచ్చలు తేలి, మబ్బుగా కూడా ఉంటే అది వేరు. ఛాతీ ఎముక మీద వేలితో ఐదు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడిన చోట రంగు రెండు సెకన్లలో తిరిగి రావాలి. మూడు దాటితే రక్తప్రసరణ సరిగ్గా లేదని అనుమానించాలి. చామనఛాయ, నలుపు పిల్లల్లో నీలం, పాలిపోవడం మొహంలో తెలియవు. నాలుక, చిగుళ్లు, పెదవి లోపల, అరిచేతులు చూడండి.

ఒంటి మీద ఎర్రటి లేదా ఊదా రంగు చుక్కలు కనిపిస్తే గాజు గ్లాసు పక్కభాగంతో గట్టిగా నొక్కి, గ్లాసులోంచి చూడండి. నొక్కితే మాయమయ్యే దద్దు చాలా వరకు ఏదో వైరస్‌ది. నొక్కినా అలాగే కనిపిస్తూ, జ్వరం కూడా ఉంటే, రక్తంలో ఇన్ఫెక్షన్ లేదా మెదడు పొరల వాపు కావచ్చు. దానికి గంటలే లెక్క. చుక్కలు రాలేదని నిశ్చింతగా ఉండకూడదు కూడా. మెడ వంచలేకపోవడం, వెలుతురు చూడలేకపోవడం, పసిబిడ్డకైతే నడినెత్తి మీద మెత్తటి మాడు ఉబ్బడం, ఇవి చుక్కలు లేకపోయినా అంతే ప్రమాదం.

నాలుగో అడుగు: ఎంత తాగాడు, ఎంత పోశాడు

వాంతులు, విరేచనాల్లో ఎన్నిసార్లు అయ్యాయన్న లెక్క ఒక్కటే సరిపోదు. లోపల ఎంత నిలుస్తోందో చూడాలి. ఏమీ తాగలేకపోవడం, పాలు పట్టుకోలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఈ మూడూ ఐదేళ్ల లోపు పిల్లల్లో ఎక్కడైనా సరే ప్రమాద సూచనలే.

చివరిసారి మూత్రం ఎప్పుడు పోశాడో గుర్తు చేసుకోండి. ఎనిమిది గంటలు గడిచినా పోయలేదంటే ఒంట్లో నీరు తగ్గినట్టే, చంటిబిడ్డకైతే ఆరు గంటలకే జాగ్రత్తపడాలి. డైపర్ వాడితే తడి తెలియదు, చేత్తో బరువు చూడండి. నీళ్ల విరేచనాలప్పుడు మూత్రం వాటిలో కలిసిపోయి మోసం చేస్తుంది. అప్పుడు నోరు, కళ్లు చూడండి: నాలుక పిడచకట్టుకుపోయిందా, కళ్లు లోతుకు పోయాయా, ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయా, మాడు గుంటపడిందా. పుట్టిన మొదటి కొన్ని వారాలు చాలామంది బిడ్డలకు కన్నీళ్లు రావు, వాళ్లకి ఆ గుర్తు వాడకండి.

ఇంకొకటి చేతితో చేసి చూసేది. బొడ్డుకూ పక్కకూ మధ్యలో పొట్ట చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య నిలువుగా ఒక సెకను పట్టి ఎత్తి వదలండి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డలో మడత వెంటనే సర్దుకుపోతుంది. మడత నిలబడి, రెండు సెకన్లు దాటాక మెల్లగా సర్దుకుంటే నీరు బాగా తగ్గిపోయినట్టు, సెలైన్ అవసరం పడొచ్చు. ఒంట్లో బాగున్న రోజున ఒకసారి పట్టి చూసి ఉంచుకుంటే తేడా చేతికి తెలుస్తుంది.

ఈ లక్షణాలేవీ లేకపోతే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి, ప్యాకెట్ మీద రాసినంత నీళ్లలోనే కలపండి. ప్రతి విరేచనం తర్వాత రెండేళ్ల లోపు వాళ్లకి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకన్నా పెద్ద పిల్లలకి 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి చెంచాతో కొద్దికొద్దిగా. గ్లాసుతో గటగటా తాగిస్తే మళ్లీ కక్కేస్తాడు. తల్లిపాలు ఆపొద్దు.

వాంతి రంగు చెప్పేటప్పుడు మన భాషతో ఒక చిక్కు. "పచ్చగా కక్కాడు" అంటే పసుపో ఆకుపచ్చో డాక్టర్‌కి అర్థం కాదు. ఆకుపచ్చ వాంతి, అందులోనూ చంటిబిడ్డలో, పేగు మెలిపడిందేమోనని అప్పటికప్పుడు సర్జన్ చూడాల్సిన విషయం. ఫోటో తీసుకెళ్లండి.

ఐదో అడుగు: జ్వరాన్ని వయసుతో కలిపి చదవడం

ఇప్పుడు థర్మామీటర్. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్, లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే, ఆడుకుంటున్నా సరే, అర్ధరాత్రయినా సరే వెళ్లాలి. ఆ వయసులో తీవ్రమైన ఇన్ఫెక్షన్ కూడా జ్వరం తప్ప ఇంకే గుర్తూ ఇవ్వకపోవచ్చు. ఇంట్లో మందు వేసి చూద్దాం అనుకోవద్దు. పుట్టిన మొదటి రెండు నెలల్లో ఒళ్లు 95.9 కంటే చల్లబడి, పొత్తిళ్లలో పెట్టినా వేడెక్కకపోవడం కూడా అంతే ప్రమాదం. మూడు నుంచి ఆరు నెలల మధ్య 102.2 దాటితే అదే రోజు చూపించండి.

ఆ పైన వయసుల్లో అంకెకు విలువ తగ్గిపోతుంది. 103తో ఆడుకునే పిల్లాడి కన్నా 100తో డొక్కలెగరేసే పిల్ల ప్రమాదంలో ఉంది. ఐదు రోజులు దాటిన జ్వరాన్ని మాత్రం పిల్ల ఎలా ఉన్నా చూపించాలి. డెంగీ ఉండే ప్రాంతాల్లో ఇంకో మెలిక: సాధారణంగా మూడు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం దిగే సమయంలోనే ఆ జబ్బు ముదురుతుంది. జ్వరం తగ్గినా తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే పరుగెత్తాల్సిందే.

పారాసిటమాల్ బిడ్డ బరువును బట్టి, కిలోకి 15 మిల్లీగ్రాములు మించకుండా, కనీసం నాలుగు గంటల తేడాతో, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. సీసాల్లో గాఢత వేరువేరుగా ఉంటుంది, చుక్కల మందూ సిరప్పూ ఒకటి కావు, లేబుల్ చదవండి. పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. చన్నీళ్లతో, స్పిరిట్‌తో ఒళ్లు తుడవొద్దు.

ఫిట్స్ వస్తే

కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్న బిడ్డను చూసి నిబ్బరంగా ఉండటం ఎవరి తరమూ కాదు. అయినా చేయాల్సినవి తక్కువే. నేల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చుట్టూ గట్టి వస్తువులు తీసేయండి. టైం చూడండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు, మందు ఏదీ పెట్టొద్దు. గట్టిగా పట్టి ఆపొద్దు. వీలైతే ఎవరైనా వీడియో తీయండి, డాక్టర్‌కి మీ మాటల కన్నా అది ఎక్కువ చెబుతుంది.

ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో జ్వరంతో వచ్చే ఫిట్స్ చాలా వరకు ఐదు నిమిషాల లోపే ఆగిపోతాయి, మెదడుకు హాని చేయవు. అయినా మొదటిసారి వస్తే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ఆరు నెలల లోపు వచ్చినా, ఒంటి ఒకవైపే కొట్టుకున్నా, ఆగాక సరిగ్గా తెలివిలోకి రాకపోయినా ఆలస్యం చేయొద్దు. జ్వరం మందు గంట గంటకూ వేస్తే ఫిట్స్ రావన్నది నిజం కాదు, డోసు ఎక్కువై కాలేయం దెబ్బతింటుంది.

చిన్నవిగా కనిపించి మోసం చేసేవి

బటన్ బ్యాటరీ మింగాడన్న అనుమానం వస్తే చాలు, పిల్లాడు నవ్వుతూ ఉన్నా వెళ్లండి. ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాలి పుండు పడుతుంది. ఏడాది దాటిన పిల్లలైతే, మింగి 12 గంటలు దాటకపోతే, దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె ఇవ్వొచ్చు, దానికోసం ప్రయాణం మాత్రం ఆపొద్దు. ఇంకేమీ తినిపించొద్దు. ఒకటికి మించి అయస్కాంతాలు మింగినా అంతే తొందర. కిరోసిన్, యాసిడ్, మాత్రలు, ఏది మింగినా వాంతి చేయించకండి, ఆ సీసా వెంట తీసుకెళ్లండి.

గొంతుకు అడ్డం పడి గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేకపోతే, ఏడాది లోపు బిడ్డను తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పెట్టి వీపు మీద ఐదు దెబ్బలు, వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో ఐదు నొక్కులు, మళ్లీ మొదటి నుంచి. ఏడాది దాటితే ఛాతీకి బదులు బొడ్డుపైన లోపలికి, పైకి నొక్కాలి. వస్తువు కనపడకుండా వేలు పెట్టి కెలకొద్దు.

కాసేపు కాళ్లు ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చి, కాసేపు పాలిపోయి నీరసంగా పడి, మళ్లీ ఏడ్చే పసిబిడ్డకు పేగు పేగులోకి చొచ్చుకుపోయి ఉండొచ్చు. విరేచనంలో ఎర్రటి జిగురు కనిపించేదాకా ఆగితే ఆలస్యమే. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగిన నొప్పి అపెండిక్స్ కావచ్చు. మగపిల్లాడు పొత్తికడుపు నొప్పి అంటే నిక్కరు తీసి చూడండి, సిగ్గుపడి చెప్పరు. వృషణం వాచినా, నొప్పిగా ఉన్నా అది మెలిపడి ఉండొచ్చు, అదే అయితే ఆరు గంటల్లోపు ఆపరేషన్ జరిగితేనే అది దక్కే అవకాశం ఎక్కువ.

తలకు దెబ్బ తగిలాక మళ్లీ మళ్లీ వాంతులు, స్పృహ తప్పడం, ముక్కు, చెవుల నుంచి నీళ్లలాంటి ద్రవం కారడం ఎమర్జెన్సీ. రెండేళ్ల లోపు వాళ్లు మూడడుగుల పైనుంచి పడితే లక్షణాలు లేకపోయినా చూపించండి. అతిగా నీళ్లు తాగి, అతిగా మూత్రం పోసి, బరువు తగ్గిన పిల్లకు వాంతులు, లోతైన ఆయాసం మొదలైతే అది కడుపు జబ్బు కాకపోవచ్చు. షుగర్ పరీక్ష చేయమని మీరే అడగండి. పుట్టిన 24 గంటల్లోపు కామెర్లు కనిపించినా, తర్వాత పసుపు అరికాళ్ల దాకా దిగినా అదే రోజు వెళ్లాలి.

బయల్దేరేటప్పుడు

ఒంటరిగా బండి నడుపుతూ వెనక సీట్లో బిడ్డను పడుకోబెట్టకండి, చూసేవాళ్లు ఉండాలి. ఊపిరి ఇబ్బంది ఉంటే ఆంబులెన్సే మేలు, అందులో ఆక్సిజన్ ఉంటుంది. వేసిన మందు, ఎంత వేశారు, ఏ టైంకి వేశారు, బిడ్డ బరువు, చివరిసారి తాగింది, మూత్రం పోసింది, ఏవైనా మందులు పడవా, ఇవన్నీ ఫోన్లో రాసి పెట్టుకోండి. అక్కడ కంగారులో ఒక్కటీ గుర్తుకు రాదు.

లోపలికి వెళ్లగానే "జ్వరం" అని మొదలుపెడితే వరుసలో కూర్చోమంటారు. మేమూ అలాగే ఇరవై నిమిషాలు కూర్చున్నాం. "నిమిషానికి 64 సార్లు ఊపిరి తీస్తోంది, డొక్కలెగరేస్తోంది, సాయంత్రం నుంచి పాలు తాగలేదు" అని మా అమ్మ కౌంటర్ దగ్గరికెళ్లి చెప్పాక ఒక నర్సు పిల్లను ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లింది.

ఇంటికి పంపించేస్తే వచ్చేముందు రెండు అడగండి: ఏం కనిపిస్తే మళ్లీ రావాలి, ఎప్పటికి తగ్గకపోతే రావాలి. ఆ రాత్రికి నాలుగు గంటలకోసారి అలారం పెట్టుకుని ఊపిరి లెక్కపెట్టి, లేపితే కదులుతున్నాడో లేదో చూడండి. ఉదయం బాగానే ఉందన్నారు కదా అని సాయంత్రం మొహమాటపడకండి. పిల్లల్లో పరిస్థితి గంటల్లో మారిపోతుంది, మళ్లీ వెళ్తే రెండోసారి కూడా చూస్తారు.